బ్రిస్బేన్ నడిబొడ్డున ఉన్న సిటీ బొటానిక్ గార్డెన్స్‌ను తీరిగ్గా చూడడం ఎలా?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర రాజధాని బ్రిస్బేన్‌లో, పార్లమెంటు భవనానికీ బ్రిస్బేన్ నదికీ మధ్య, సుమారు 20 హెక్టార్లలో, అంటే మన లెక్కన దాదాపు 50 ఎకరాల్లో, సిటీ బొటానిక్ గార్డెన్స్ విస్తరించి ఉంది. ప్రవేశ రుసుము లేదు. పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండడానికి తెలుగు ప్రాంతాల నుంచి వచ్చే తల్లిదండ్రులకు బీచ్‌లూ జంతు ప్రదర్శనశాలలూ ముందుగా చూపిస్తారు. ఈ తోటను మాత్రం ఎక్కడికో వెళ్తూ దారిలో పది నిమిషాలు నడిచి దాటేస్తారు. అలా దాటిపోతే కనిపించేది పచ్చిక మాత్రమే. ఈ తోట 19వ శతాబ్దంలో ఒక కొత్త నేలలో ఏ మొక్క బతుకుతుందో, ఏ పంట పండుతుందో పరీక్షించి చూసిన ప్రయోగశాల. ఆ పరీక్షల్లో నెగ్గిన చెట్లలో కొన్ని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయి. వాటిని గుర్తుపట్టి, ఒక్కొక్కదాని దగ్గర కాసేపు ఆగాలంటే కనీసం సగం రోజు కేటాయించాలి. ఆ సగం రోజును ఎలా గడపాలో కింద వివరిస్తున్నాను.

కాలాన్ని ఎంచుకోవడం

మొదటి పని నెలను నిర్ణయించుకోవడం. బ్రిస్బేన్ భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 27.5 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఉప ఉష్ణమండలంలో ఉంది. అక్కడ రుతువులు మనకు తలకిందులుగా నడుస్తాయి కాబట్టి మన పండుగల లెక్కతో గుర్తుపెట్టుకోవడం తేలిక. సంక్రాంతి నాటికి అక్కడ నడి వేసవి. పగటి ఉష్ణోగ్రత సగటున 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. విజయవాడ ఎండలు చూసినవారికి అది తక్కువే అనిపిస్తుంది, కానీ గాలిలోని తేమ, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత ఆ 30 డిగ్రీలను మోసపూరితంగా మారుస్తాయి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేను ఈ సంగతి పట్టించుకోకుండా ఆమెను జనవరిలో మిట్టమధ్యాహ్నం తీసుకువెళ్లాను. ఇరవై నిమిషాలకే ఆమెకు కళ్లు తిరిగి, ఒక చెట్టు నీడన గంటసేపు కూర్చోవలసి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. ఈ వ్యాసం రాయడానికి ఆ అనుభవం కూడా ఒక కారణం.

ఉగాది తరువాత, అంటే ఏప్రిల్, మే నెలల్లో, వేసవి వానలు తగ్గి, నేల ఇంకా పచ్చగా ఉండి, ఎండ మెత్తబడుతుంది. పెద్దవారితో వెళ్లేవారికి ఇదే ఉత్తమమైన కాలమని నా అభిప్రాయం. మనకు ఆషాఢ, శ్రావణాలు నడిచే జూన్, జులై, ఆగస్టు నెలలు అక్కడ చలికాలం. పగలు సుమారు 22 డిగ్రీలు, తెల్లవారుజామున 10 డిగ్రీల దాకా ఉంటుంది, వానలు తక్కువ. ఒక స్వెట్టరుతో హాయిగా నడవవచ్చు గానీ, సాయంత్రం ఐదు దాటితే చీకటి పడుతుందన్నది గుర్తుంచుకోవాలి. దసరా, దీపావళి రోజుల్లో వెళితే జకరండా చెట్లు ఆకులు రాల్చి ఊదారంగు పూలతో నిండి ఉంటాయి. అవి పూశాయంటే పరీక్షలు ముంచుకొచ్చినట్టేనని అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు అనుకుంటారు. డిసెంబరు సమీపిస్తుండగా మన ఊళ్లలో మే నెలలో పూసే ఎర్ర తురాయి అక్కడ విరగబూస్తుంది.

నవంబరు నుంచి మార్చి దాకా మధ్యాహ్నం తరువాత ఉరుములతో కూడిన గాలివానలు హఠాత్తుగా వస్తాయి, ఒక్కోసారి వడగళ్లు కూడా పడతాయి. ఆ నెలల్లో ఉదయమే వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగి రావడం మంచిది. డిసెంబరులో అయిదు గంటలలోపే తెల్లవారుతుంది కాబట్టి ఆరు గంటలకు బయలుదేరడం పెద్ద కష్టమేమీ కాదు. ఉరుములు వినిపిస్తే చెట్ల కింద నిలబడకుండా దగ్గరలోని భవనంలోకి వెళ్లాలి.

వెంట తీసుకువెళ్లవలసినవి

అంచు వెడల్పుగా ఉన్న టోపీ, సన్‌స్క్రీన్, మంచినీళ్ల సీసా, తేలికైన గొడుగు, జారని చెప్పులు లేదా బూట్లు. మన ఒంటి రంగుకు సన్‌స్క్రీన్ అవసరం లేదని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాలో వాతావరణ శాఖ ప్రతిరోజూ ప్రకటించే యూవీ (అతినీలలోహిత కిరణాల) సూచిక 3 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చర్మాన్ని కాపాడుకోవాలని ఆరోగ్య సంస్థలు చెబుతాయి. బ్రిస్బేన్‌లో చలికాలపు మధ్యాహ్నం కూడా ఆ సూచిక తరచుగా 3 దాటుతుంది, వేసవిలో పది దాటడం మామూలే. కాబట్టి టోపీ విషయంలో మొహమాటపడవద్దు. కుళాయి నీరు తాగడానికి పనికివస్తుంది, సీసాను తోటలోని కుళాయి దగ్గర మళ్లీ నింపుకోవచ్చు. నీటి గుంటలకు, నదికి దగ్గరగా కూర్చోవాలనుకుంటే దోమల మందు కూడా ఉంచుకోండి.

తినడానికి పులిహోరో దద్దోజనమో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకువెళ్లడం అన్నింటికన్నా మంచిది. మూత గురించి ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానో పక్షుల ప్రస్తావన వచ్చినప్పుడు తెలుస్తుంది.

చేరుకోవడం

కారులో వెళ్లకండి. నగర కేంద్రంలో పార్కింగ్ ఖరీదు ఎక్కువ, దొరకడం కష్టం. క్వీన్స్‌లాండ్‌లో ప్రభుత్వ రవాణా టికెట్టును 2024 ఆగస్టు 5 నుంచి దూరంతో సంబంధం లేకుండా 50 సెంట్లు చేశారు. విమానాశ్రయపు రైలుకు మాత్రం ఇది వర్తించదు. రైలు అయినా, బస్సు అయినా, నది మీద తిరిగే ఫెర్రీ అయినా అదే 50 సెంట్లు. గో కార్డ్ అనే అక్కడి ప్రయాణ కార్డు లేకపోయినా, రైలు స్టేషన్‌లోని యంత్రానికి మీ బ్యాంకు కార్డును తాకిస్తే చాలు.

సెంట్రల్ స్టేషన్‌లో దిగితే, నగరం మధ్యగా సాగే ఆల్బర్ట్ వీధిలోకి వచ్చి నదివైపు తిన్నగా నడవండి. ఆ వీధి ఆలిస్ వీధిని కలిసేచోట తోట ద్వారం ఎదురుగా కనిపిస్తుంది. మామూలుగా నడిస్తే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారు పనిదినాల్లో నగర కేంద్రం చుట్టూ ఉచితంగా తిరిగే లూప్ బస్సు ఎక్కితే ఆలిస్ వీధిలోనే దిగవచ్చు. నది మీదుగా రావడం ఇష్టమైతే క్యూయూటీ గార్డెన్స్ పాయింట్ రేవులో దిగి, విశ్వవిద్యాలయ ప్రాంగణం గుండా తోటలోకి రావచ్చు. నది అవతల నుంచి నడిచి వచ్చేవారికి రెండు వంతెనలు ఉన్నాయి: సౌత్ బ్యాంక్ వైపు నుంచి 2001లో ప్రారంభమైన గుడ్‌విల్ వంతెన, కంగారూ పాయింట్ వైపు నుంచి 2024 డిసెంబరులో ప్రారంభమైన కొత్త వంతెన. రెండింటి మీదా వాహనాలను అనుమతించరు. పాదచారులు, సైకిళ్లు మాత్రమే వెళతాయి.

మొదటిసారి వచ్చేవారికి నేను ఆల్బర్ట్ వీధి ద్వారాన్నే సూచిస్తాను. అటు నుంచి నేల నదివైపు మెల్లగా పల్లానికి దిగుతుంది కాబట్టి ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే చెట్లన్నీ చూసి, చివరికి నది ఒడ్డున సేదతీరవచ్చు.

లోపలికి అడుగుపెట్టాక

ద్వారం దగ్గరి పటాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మరుగుదొడ్లు, పిల్లల ఆటస్థలం ఎక్కడున్నాయో అందులో ముందే చూసి పెట్టుకోండి. స్వచ్ఛంద కార్యకర్తలు సందర్శకులను ఉచితంగా వెంట తిప్పి తోటను వివరించే నడకలు కూడా ఉన్నాయి. ఆ రోజు వేళలను నగర పాలక సంస్థ వెబ్‌సైటులో చూసుకుని వెళితే, ఇంగ్లీషు అర్థమయ్యేవారికి అది మంచి ఆరంభం.

తరువాత చేయవలసింది నడక కాదు, కొంచెం చరిత్రను మనసులో ఉంచుకోవడం. బ్రిస్బేన్‌ను ఇక్కడి ఆదివాసులు మీయాంజిన్ అంటారు. నది మెలిక తిరిగినచోట ఈటె మొనలా ముందుకు పొడుచుకొచ్చిన ఈ నేలనుబట్టే ఆ పేరు వచ్చిందని చెబుతారు. టర్రబల్, జాగెరా ప్రజల నేల ఇది. 1820లలో ఇక్కడ బ్రిటిష్‌వారు ఖైదీల శిబిరం పెట్టినప్పుడు, ఖైదీల చేత ఈ మొన మీదే తిండి పంటలు పండించారు. 1855లో దీన్ని బొటానిక్ తోటగా ప్రకటించి, వాల్టర్ హిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. ఆయన 1881 దాకా ఇక్కడ పనిచేశారు. మామిడి, బొప్పాయి, అల్లం వంటి వేడి దేశాల మొక్కలను తెప్పించి, నాటి చూసి, బతికినవాటిని రైతులకు పంచిపెట్టడం ఆయన పని. ఇక్కడ పెరిగిన చెరకు నుంచే 1862లో జాన్ బుహోట్ అనే ఆయన క్వీన్స్‌లాండ్‌లో తొలిసారిగా పంచదార తీశారు. ఆ రాష్ట్రం చెరకుకు పేరుపొందడానికి బీజం పడిన నేల మీద నిలబడి ఉన్నామని తెలిస్తే, అనకాపల్లి, తణుకు ప్రాంతాల నుంచి వచ్చినవారికి ఈ తోట కొత్తచోటుగా అనిపించదు.

ద్వారానికి దగ్గరలోనే వాల్టర్ హిల్ పేరు మీద 1867 నాటి రాతి మంచినీటి ఫౌంటెన్ ఉంది. నగరానికి గొట్టాల ద్వారా నీళ్లు వచ్చిన తొలిరోజుల గుర్తు అది.

చెట్లను చదవడం

ఇక్కడే ఎక్కువ సమయం గడపాలి. తోటలోని చెట్లన్నీ చూడాలని ప్రయత్నించకండి. ఆరేడు చెట్లు చాలు. చాలా చెట్లకు పేరు రాసిన పలకలు ఉంటాయి. ఇంగ్లీషు పేరు కన్నా దాని కింద ఉన్న శాస్త్రీయ నామంలోని మొదటి మాటను చదవడం నేర్చుకుంటే, ఆ పరాయి తోటలో మన చుట్టాలు కనిపించడం మొదలవుతుంది. మొదటి మాట ఫైకస్ అని ఉంటే, అది మన మర్రి, రావి, మేడి, జువ్విల ప్రజాతి. సిజీజియం అని ఉంటే అది మన నేరేడు ప్రజాతి. ఆస్ట్రేలియావాళ్లు ప్రేమగా లిల్లీ పిల్లీ అని పిలుచుకునే ఎర్రని చిన్న పండ్ల చెట్లు చాలావరకు ఇందులోనివే. బౌహీనియా అంటే దేవకాంచనం, పాండానస్ అంటే మొగలి, ప్లుమేరియా అంటే దేవగన్నేరు. పెద్దవారికి ఈ ఐదారు మాటలు ముందే చెప్పి ఉంచితే, ఆకును బట్టి, బెరడును బట్టి వాళ్లే ముందుగా గుర్తుపట్టి మీకు చూపిస్తారు. పల్లెలో పెరిగిన కళ్లకు ఉండే ఆ నేర్పు మనకు లేదు. ఈ విషయంలో మార్గదర్శకత్వం వారికే వదిలేయడం మంచిది.

ఫైకస్ చెట్ల దగ్గర వేళ్లను చూడండి. మోర్టన్ బే ఫిగ్ అనే స్థానిక జాతి చెట్టు మొదలు దగ్గర వేళ్లు నిలబెట్టిన పలకల్లా లేచి, నేల మీద చాలా దూరం పాకుతాయి. వానలు ఎక్కువగా పడే అడవుల్లో పైపొర నేల పలచగా ఉంటుంది కాబట్టి, అంత బరువును ఆనించడానికి చెట్టు ఇలా పక్కలకు విస్తరిస్తుంది. ఆ వేళ్ల మీద ఎక్కి ఫొటోలు దిగడం వల్ల బెరడు దెబ్బతింటుంది, మట్టి గట్టిపడుతుంది. పక్కన నిలబడి దిగినా ఫొటో బాగానే వస్తుంది.

తరువాత మకడేమియా చెట్టును వెతకండి. ఇప్పుడు మన సూపర్‌మార్కెట్లలో కూడా ఎక్కువ ధరకు అమ్ముతున్న మకడేమియా గింజ తూర్పు ఆస్ట్రేలియా వానల అడవులది. ఆదివాసులు తరతరాలుగా తింటున్న ఆ గింజను 1858లో వాల్టర్ హిల్ ఇక్కడ నాటారు. తోటలో పెంచిన తొలి మకడేమియాగా పేరొందిన ఆ చెట్టు ఇంకా బతికే ఉంది. ఆ గింజలు విషమని అనుకున్న హిల్, నాటడం కోసం పెంకులు పగలగొట్టమని ఒక కుర్రవాడికి అప్పగిస్తే, అతడు కొన్ని తినేసి చాలా రుచిగా ఉన్నాయని చెప్పాడని ఒక కథ ప్రచారంలో ఉంది. హవాయి దీవుల్లో పెద్ద పరిశ్రమగా ఎదిగిన మకడేమియా తోటలకు విత్తనం కూడా క్వీన్స్‌లాండ్ నుంచే వెళ్లింది. చెట్టు చూడడానికి ఆడంబరంగా ఉండదు, కథ తెలియనివారు దాని పక్కనుంచే నడిచి వెళ్లిపోతారు.

నది ఒడ్డున వరుసగా నిలబడిన ఎత్తైన, గుండ్రని తలల చెట్లు బున్యా పైన్లు. హిల్ కాలంలోనే నాటినవి. వాటి గింజలు ఆదివాసులకు ఎంత ముఖ్యమంటే, సుమారు మూడేళ్లకోసారి కాపు విరివిగా వచ్చినప్పుడు బున్యా పర్వతాల దగ్గరికి దూరదూరాల తెగలు తరలివచ్చి, వారాల తరబడి విందులు, పెళ్లి సంబంధాలు, తగవుల పరిష్కారాలు జరుపుకునేవి. ఆ కాయ 10 కిలోల దాకా తూగుతుంది. డిసెంబరు నుంచి మార్చి మధ్య అవి పైనుంచి రాలిపడతాయి. ఆ నెలల్లో ఈ చెట్ల కింద కూర్చోకండి, పిల్లలను ఆడనివ్వకండి. హెచ్చరిక బోర్డు ఉన్నా లేకపోయినా దూరంగా నిలబడి చూడండి.

జకరండా కోసం అక్టోబరులో వచ్చినవారు ఒక సంగతి తెలుసుకోవాలి. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చెట్టును ఆస్ట్రేలియాలో తొలిసారి నాటింది కూడా ఈ తోటలోనే, 1864లో, అని చెబుతారు. ఆ మొదటి చెట్టు 1980లో గాలివానకు కూలిపోయింది.

నది అంచుకు చేరాక మడ చెట్లు కనిపిస్తాయి. కోరింగ మడ అడవిని చూసినవారికి బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేళ్లు పరిచితమే. ఒక్కటే తేడా: ఇక్కడ వాటి వెనకాల అద్దాల మేడలు నిలబడి ఉంటాయి. సముద్రపు పోటు నగరం దాటి పైదాకా వస్తుంది కాబట్టే ఈ నీటిలో మడ చెట్లు బతుకుతున్నాయి. ఆటు సమయంలో వెళితే వేళ్లు బాగా కనిపిస్తాయి. ఇదే నది 1893లో, 1974లో, 2011లో, 2022లో పొంగి తోటను ముంచింది. పెద్ద వానల తరువాత నది వైపు దారులు మూసి ఉంటే అడ్డుకట్టలు దాటవద్దు.

ప్రాణులతో ఎలా మెలగాలి

పచ్చిక మీద, నీటి గుంటల దగ్గర మూరెడుకు మించిన పొడవున్న తొండలు ఎండ కాచుకుంటూ ఉంటాయి. వాటిని వాటర్ డ్రాగన్లు అంటారు. మగవాటి గుండె భాగం ఎర్రగా ఉంటుంది. మీద పడి కరిచే జీవులు కావు, కానీ చేతితో తిండి పెడితే వేలు చిక్కుతుంది. వంకర ముక్కుతో, నల్లని తలతో తిరిగే తెల్లని పక్షి, మన చెరువుల దగ్గర కనిపించే తెల్ల కంకణానికి దగ్గరి బంధువు. నగర జీవితానికి అలవాటుపడిన ఆ పక్షి తెరిచిన డబ్బాలోంచి నేరుగా తిండి ఎత్తుకుపోతుంది. గట్టి మూత కావాలన్నది ఇందుకే. దేనికీ తిండి వేయకండి. అన్నం, రొట్టె వాటి ఆరోగ్యానికి మంచివి కావు, అలవాటైతే తరువాత వచ్చే పిల్లల మీద పడతాయి. వినాయక చవితి నుంచి దసరా దాకా, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, మాగ్‌పై అనే నలుపు తెలుపు పక్షులు గూళ్లను కాపాడుకోవడానికి నగరంలో కొన్నిచోట్ల మనుషుల తలల మీదికి దూసుకువస్తాయి. అలా జరిగితే పరుగెత్తకుండా, టోపీతో తలను కాపాడుకుంటూ నిదానంగా ఆ చోటు దాటండి.

చీకటి పడేదాకా ఉంటే, సన్నని పొడుగు కాళ్లతో కదలకుండా నిలబడే బుష్ స్టోన్ కర్లూ అనే పక్షి కూత వినిపించవచ్చు. ఎవరో ఏడుస్తున్నట్టు సాగే ఆ కూత విని భయపడవలసిన పని లేదని పెద్దవారికి ముందే చెప్పండి.

పూజకు పూలు కోసే అలవాటు ఉన్నవారికి ఒక మాట: ఇక్కడ పూలు, ఆకులు, కొమ్మలు తుంచకూడదు. దేవగన్నేరు నిండుగా పూసి ఉంటే చేయి ముందుకు వెళ్లడం సహజమే, మా అమ్మ చేయీ వెళ్లింది. మొక్కల్ని పరీక్షించి, జాగ్రత్తగా కాపాడిన తోట ఇదని చెబితే ఆవిడ వెంటనే ఆగిపోయారు. బంధుమిత్రులంతా కలిసి సీమంతమో పుట్టినరోజో అలంకరణలతో జరుపుకోవాలనుకుంటే, నగర పాలక సంస్థ అనుమతి గురించి ముందే కనుక్కోవాలి.

నది ఒడ్డు దారిలో సైకిళ్లు వేగంగా వెళుతుంటాయి. ఎప్పుడూ ఎడమవైపే నడవండి. నలుగురు కలిసి వరుసగా దారంతా ఆక్రమించి నడవకుండా, గంట వినిపిస్తే పక్కకు తప్పుకోండి. ఎవరికైనా అకస్మాత్తుగా అనారోగ్యం కలిగితే 000 నంబరుకు ఫోన్ చేయాలి.

తిరుగు ప్రయాణం

ఇంకా ఓపిక ఉంటే, నైరుతి మూలన ఉన్న గుడ్‌విల్ వంతెన మీదుగా సౌత్ బ్యాంక్‌కు నడిచి, అక్కడి స్టేషన్‌లో రైలెక్కండి. మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూస్తే, ఇప్పటిదాకా మీరు తిరిగిన చెట్ల గుంపు ఆకాశహర్మ్యాల పాదాల దగ్గర ఎంత చిన్నదో తెలుస్తుంది. మరో రోజు కేటాయించగలిగితే, రోమా స్ట్రీట్ స్టేషన్ పక్కన పాత రైల్వే గూడ్స్ యార్డు స్థలంలో 2001లో ప్రారంభించిన 16 హెక్టార్ల పార్క్‌లాండ్‌ను చూడండి. ఎడారి మొక్కల దగ్గర నుంచి వెదురు దాకా మరింత విస్తారమైన సేకరణ కావాలంటే, వరదలు అందని ఎత్తులో 1976లో ప్రారంభమైన మౌంట్ కూట్‌థా బొటానిక్ గార్డెన్స్‌కు బస్సులో వెళ్లవచ్చు. మూడింటినీ ఒకే రోజున ముగించాలని మాత్రం పెద్దవారిని తొందరపెట్టకండి.

రైలు దిగి స్టేషన్ నుంచి బయటికి వచ్చేటప్పుడు, ఎక్కేటప్పుడు వాడిన కార్డునే మళ్లీ యంత్రానికి తాకించడం మరచిపోవద్దు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి కాబట్టి, అమ్మానాన్నల కార్డులు వారి చేతికే ఇచ్చి, ఎలా తాకించాలో ఉదయమే ఒకసారి చూపించండి.